వాన రోజున ఆగని పేజీ

2022 ఎండాకాలం. అనంతపురం పాతూరులో ఒక మిద్దె మీద నా ఆఫీసు. వెబ్‌సైట్లు తయారు చేయడం, వాటికి హోస్టింగ్ చూసిపెట్టడం నా పని. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట చెబుతాను. ఏ వెబ్‌సైటైనా ఎక్కడో ఒక కంప్యూటర్‌లో ఉండాలి, ఎవరు ఎప్పుడు అడిగినా అది పేజీని పంపించాలి. ఆ కంప్యూటర్‌ని సర్వర్ అంటారు. దాంట్లో చోటు అద్దెకు తీసుకోవడమే హోస్టింగ్. ఎవరికి ఎలాంటి చోటు సరిపోతుందో తేల్చడంలోనే మా పనితనం ఉంటుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా చీరల కొట్ల వాళ్లు, కోచింగ్ సెంటర్ల వాళ్లు. ఒక మధ్యాహ్నం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన, ఆయన వెనకాలే చేతికర్రతో ఒక పెద్దామె మెట్లెక్కి వచ్చారు. ఆయన పేరు వన్నూరప్ప. గుంతకల్లులో రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైనవాడు. ఆమె ఆయన అక్క ఎర్రమ్మ. కణేకల్ దగ్గర పల్లెలో గొర్రెల మంద ఉంది ఆమెకు. ఎండాకాలమంతా మేత వెతుక్కుంటూ మందతో దూరపు ఊళ్లు తిరుగుతుంది.

"పాపా, మాకు డెడికేటెడ్ సర్వర్ కావల్ల," అన్నాడాయన కూర్చోకముందే.

"ఏం నడుపుతున్నారన్నా?"

"వాన," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మంచినీళ్లు తాగాక నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. మా జిల్లాలో వాన ఒక ఊర్లో దంచి కొడితే పక్క ఊర్లో దుమ్ము లేస్తుంది. అక్కడక్కడ జల్లులు పడతాయన్న వార్త మాకెవరికీ పనికిరాదు. ఏ ఊర్లో పడిందన్నదే కావాలి. అందుకని వన్నూరప్ప రిటైరయ్యాక తనకు తెలిసిన రైల్వేవాళ్లను, చుట్టాలను, పల్లెల్లో పాలు పోసేవాళ్లను కలిపి ఒక గుంపు కట్టాడు. వాళ్ల ఊర్లో వాన పడగానే ఆయనకు ఫోన్ చేస్తారు. ఆయన దాన్ని వెబ్‌సైటులో ఎక్కిస్తాడు. సైటు పేరు 'యాడవాన'. ఊరి పేరు పక్కనే జల్లా, పదునా, పెద్ద వానా అని ఉంటుంది. పదును అంటే విత్తనం వేయడానికి చాలినంతగా నేల తడవడం. శనక్కాయ రైతులు దాన్ని చూసి విత్తుకు సిద్ధమవుతారు. గొర్రెల వాళ్లు మందను ఏ దిక్కుకు తోలాలో తేల్చుకుంటారు.

"బాగుంది కదన్నా. మరి ఇబ్బందేమిటి?"

ఎర్రమ్మ అందుకుంది. "ఏడాదంతా బాగుంటాది. వాన పడిన దినమే సచ్చిపోతాది. పోయినేడు తొలివాన నాడు ఎంత నొక్కినా తెరుచుకోల్యా. ఎవరో శింగనమల దిక్కు పడిందంటే మందను అట్ల తోలుకుపోయినాను. ఆడ చుక్క లేదు. దావలో గొర్రెపిల్లలు పడిపోయినాయి పాపా. వాన పడినాది మా కణేకల్ పక్కనే!"

వన్నూరప్ప తలొంచుకున్నాడు. అక్క చేతిలో ఫోన్ పెట్టి, పేజీ తెరవడం నేర్పింది ఆయనే.

సైటు తయారుచేసిన కుర్రాడు దాన్ని షేర్డ్ హోస్టింగ్‌లో పెట్టాడు. అంటే ఒకే సర్వర్‌లో వందల సైట్లు. ఒక వఠారంలో పది కాపురాలకూ ఒకటే కొళాయి ఉన్నట్టు. ఒకరి ఇంటికి ఉన్నట్టుండి పెళ్లివారు దిగితే అందరికీ నీళ్లు ఆగిపోతాయి. హోస్టింగ్ కంపెనీవాడు ముందుగా ఆ పెళ్లివారి ఇంటి కొళాయే కట్టేస్తాడు. వీళ్లకు జరిగింది అదే. ఆ తర్వాత ఎవరో వన్నూరప్పకు డెడికేటెడ్ సర్వర్ గురించి చెప్పారు. వఠారం మొత్తం మనదే అన్నమాట. అద్దె నెలనెలా కట్టాలి, బాగోగులూ మనమే చూసుకోవాలి. ఈ రెంటికీ నడుమ వీపీఎస్ అని ఇంకొకటి ఉంది. ఒకే ఇంట్లో విడి పోర్షన్, ఎవరి కొళాయి వాళ్లది.

నేను ముందు సైటుకు ఎవరెప్పుడు వస్తున్నారో చూపించే గ్రాఫ్ తెరిచాను. ఏడాదంతా ఆ గీత నేల మీద పడుకునే ఉంది. జూన్‌లో ఒకరోజు నిట్టనిలువుగా లేచి, అక్కడే తెగిపోయింది. ఆ ఒక్కరోజు కోసం ఏడాది పొడుగునా వఠారమంతా అద్దెకు తీసుకోవడం నాకు న్యాయంగా అనిపించలేదు. పైగా అంత జనం ఎగబడితే ఆ పెద్ద సర్వర్ కూడా నిలుస్తుందన్న నమ్మకం లేదు. ఎందుకంటే పేజీ బరువు అలాంటిది. తెరవగానే పాట మొదలవుతుంది. మబ్బుల ఫొటోలు ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. పైన వన్నూరప్ప దండం పెడుతున్న బొమ్మ. కింద ఎంతమంది చూశారో చెప్పే మీటరు.

"అక్కా, నువ్వు పేజీలో ఏం చూస్తావు?" అని ఎర్రమ్మను అడిగాను.

"ఊరి పేరు. పడినాదా లేదా. అంతే."

"పాట వింటావా?"

"గుట్ట మీద సిగ్నలే సరిగా రాదు, పాట యాడ వస్తాదమ్మా!"

వన్నూరప్ప మొహం చిన్నబోయింది. "ఆ పాట నేనే ఎంచి పెట్టినాను," అన్నాడు.

అప్పుడు నా ఆలోచన చెప్పాను. వాళ్ల సైటు, అడిగిన ప్రతివాడికీ అప్పటికప్పుడు వండి వడ్డించే హోటల్ లాంటిది. వంద మంది ఒక్కసారి కూర్చుంటే వంటవాడు చేతులెత్తేస్తాడు. స్టాటిక్ సైటు అని ఇంకో పద్ధతి ఉంది. పేజీని ముందే తయారుచేసి పొట్లం కట్టి పెడతాం. వచ్చినవాడి చేతిలో పెట్టడమే పని. ఆ పొట్లాల నకళ్లను అనేక ఊళ్ల సర్వర్లలో ఉంచి, దగ్గర్లో ఉన్నచోటి నుంచి అందించే ఏర్పాటును సీడీఎన్ అంటారు. వన్నూరప్ప కొత్త వాన కబురు ఎక్కించినప్పుడల్లా కొత్త పొట్లం తయారై, పాత నకళ్ల స్థానంలోకి వెళుతుంది. ఖర్చు వాళ్లు అప్పటిదాకా కడుతున్నదానికన్నా తక్కువే.

ఆయన అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"అంటే మాకు సొంత సర్వర్ లేనట్లేనా?"

"అక్కర్లేదన్నా."

"మా కాలనీలో అందరికీ చెప్పేసినాను గదా పాపా!"

ఎర్రమ్మ పకపకా నవ్వింది. చివరికి బేరం కుదిరింది. పాట, కదిలే ఫొటోలు, మీటరు తీసేయాలి. దండం పెట్టే బొమ్మ మాత్రం వేరే పేజీలో ఉంటుంది, కావాలన్నవాళ్లు నొక్కి చూస్తారు.

కొత్త సైటు తయారయ్యాక లోడ్ టెస్ట్ చేశాను. జనం ఒక్కసారిగా వచ్చినట్టు నటించే ప్రోగ్రామ్ అది. ఎంత ఒత్తిడి పెట్టినా పేజీ తొణకలేదు. కానీ కంప్యూటర్ నటించిన జనం వన్నూరప్పకు రుచించలేదు. ఒక ఆదివారం పొద్దున నన్ను గుంతకల్లుకు పిలిపించాడు. కాలనీ మైదానంలో రిటైరైన డ్రైవర్లు, గార్డులు, వాళ్ల భార్యలు, మనవలు, అందరూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఒక పాత గార్డు విజిల్ ఊదగానే అందరూ ఒకేసారి నొక్కారు.

"వచ్చె, వచ్చె!" అని నాలుగు వైపులా కేకలు. ఒక ముసలాయన ఒక్కడే, "నాకు రాల్యా!" అని గొడవ. చూస్తే ఆయన ఫోన్‌లో రీఛార్జి అయిపోయింది. మైదానం మొత్తం నవ్వింది. నాకు బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు తినిపించి మరీ పంపించారు.

ఇక వాన రావాలి. మబ్బులు రావడం, గాలికి చెదిరిపోవడం, ఇదే వరస. వన్నూరప్ప రోజూ ఫోన్ చేసేవాడు. సైటు బాగుందనే చెప్పేవాడు, కానీ గొంతులో ఉత్సాహం ఉండేది కాదు. నాకూ లోపల గుబులుగానే ఉండేది. అసలైన రోజు వచ్చేదాకా ఏ లోడ్ టెస్టూ పూర్తి ధైర్యం ఇవ్వదు.

జూన్‌లో ఒక సాయంత్రం ఆఫీసులో ఉండగా గ్రాఫ్‌లో గీత కదిలింది. పేజీ చూస్తే, కణేకల్ పక్క ఒక ఊరు: పదును. ఇంకాసేపటికి ఇంకో ఊరు: పెద్ద వాన. గీత లేస్తోంది. పోయినేడు తెగిపోయిన చోటు దగ్గరకొచ్చింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గీత ఆ చోటు దాటింది. దాటి ఇంకా పైకి పోతూనే ఉంది. అంతలో అనంతపురంలోనూ ఉరిమి, కరెంటు పోయి, నా కంప్యూటర్ ఆరిపోయింది.

వెంటనే ఫోన్‌లో నొక్కాను. పేజీ రెప్పపాటులో తెరుచుకుంది. వాళ్ల పేజీకి నా కరెంటుతో పని లేదు, నాతోనూ పని లేదు. ఇంతలో ఫోన్ మోగింది.

"పాపా! తెరుచుకున్యాది!" ఎర్రమ్మ గొంతు, వెనకాల గొర్రెల అరుపులు. "మందను కణేకల్ దిక్కే తిప్పినాను. వాన వాసన ఈడికే వస్తాండాది!"

తర్వాత వన్నూరప్ప ఫోన్ చేశాడు. వాళ్లింట్లోనూ కరెంటు లేదట. బ్యాటరీ అయిపోవస్తున్న ఫోన్‌తో ఊరు తర్వాత ఊరు ఎక్కిస్తూనే ఉన్నాడు. "యాడ సూసినా పడతాండాది పాపా, నా వేళ్లు నొప్పులు పుడతాండాయి!" అని అరుస్తున్నాడు. అంత సంతోషంగా నొప్పి చెప్పుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఫోన్ పెట్టేసి ఆఫీసు బయటికొచ్చి, మిద్దె మీద పూర్తిగా తడిసి గానీ కిందికి దిగలేదు.

ఇదివరకు ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న, "ఎంతమంది చూస్తారు?" అనే ఉండేది. ఆ వాన తర్వాత, "ఎప్పుడు వస్తారు? వచ్చినవాళ్లకు కావలసింది ఏమిటి?" అని అడగడం అలవాటైంది. ఈ రెండూ తెలిస్తే హోస్టింగ్ ఏదో దాదాపు దానంతటదే తేలిపోతుంది. చాలాసార్లు చిన్నదే చాలుతుంది. అప్పుడప్పుడు పెద్దదే కావాలి, అప్పుడు నేను వెనకాడను.

నెల తర్వాత ఎర్రమ్మ పిలిస్తే వాళ్ల మంద చూడటానికి వెళ్లాను. నేలంతా పచ్చ. గొర్రెలు తల ఎత్తడం లేదు. గట్టు మీద నా పక్కన కూర్చుని అడిగింది.

"పాపా, మన పేజీ ఉండే ఆ సర్వర్లు యాడుండాయి?"

"ఒకటి బొంబాయిలో, ఒకటి మద్రాసులో, ఇంకా వేరే దేశాల్లో కూడా ఉన్నాయక్కా."

ఆమె చేతికర్రతో మబ్బుల దిక్కు చూపించింది.

"ఆడ గూడా వానలు బాగుండాయా?"