మూత పెట్టిన సీసా, నానమ్మ చెంబు

ఇది మృత్యువుతో ఒక వీరుడు చేసిన మహాసంగ్రామ గాథ. అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి చొక్కా గుండీ పెట్టుకోలేకపోయిన ఒక మనిషి కథ.

ఆ పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే వేళ్లు గుండీని పట్టుకోలేదు. కొంగరకలాన్ దగ్గర ఫ్యాక్టరీలో ట్వీజర్లతో చిన్న చిన్న పార్టులు బిగించడం నా పని. నా ఉద్యోగం మొత్తం ఈ వేళ్లే. అప్పటికే పాదాల్లో తిమ్మిర్లు. సాయంత్రానికి మెట్లు ఎక్కలేకపోయాను. ఇబ్రహీంపట్నంలో చూసిన డాక్టర్ వెంటనే సిటీకి పంపించారు. అక్కడ నరాల్లో కరెంటు ఎలా పోతోందో చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ చేసి, "జీబీఎస్ అనే నరాల జబ్బు. రోగాలతో కొట్లాడాల్సిన నీ సైన్యమే నీ నరాల మీద పడింది" అన్నారు. ఇంట్లో కొట్లాటలు మాకు కొత్త కాదు గానీ, ఒంట్లో ఇదే మొదలు.

ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు సెలైన్‌లా సీసాలకు సీసాలు ఎక్కించారు. ఊపిరి ఎలా ఉందో చూడటానికి ఒక్క శ్వాసలో అంకెలు లెక్కపెట్టమనేవారు. బడిలో కూడా అంత శ్రద్ధగా లెక్కపెట్టలేదు. నడక తిరిగొచ్చింది. వేళ్లు రాలేదు. "నరాలు మెల్లగా కోలుకుంటాయి. వేళ్లకు సన్నని పని చెప్పు" అన్నారు ఫిజియోథెరపిస్ట్.

మా అక్క ఆవకాయ సీసా కడిగి టెర్రేరియం, అంటే మూత పెట్టిన గాజు తోట, చేసి తెచ్చింది. అడుగున గులకరాళ్లు, బొగ్గు, పైన మట్టి, నడుమ మినీ సిన్నింగియా అనే బుల్లి గడ్డ జాతి పూల మొక్క. మొక్క మొత్తం రూపాయి బిళ్లంత. ట్వీజర్లతో ఎండుటాకులు ఏరడమే నా వ్యాయామం.

"ఇది పూసేసరికి నీ వేళ్లొస్తయి రా" అంది అక్క. ధైర్యానికి అన్న మాట. నానమ్మ విన్నది.

కొన్నాళ్లకు ఆకులు నల్లబడి జావయ్యాయి. మూత తీస్తే లోపల చెరువు.

"నానమ్మా, నీళ్లు పోసినవా?"

"అవ్. పొద్దుగాల తులసికి పోసి, చెంబుల మిగిలింది దీనికి ఇంత పోస్తున్న."

"మూత పెట్టిన సీసా గది. లోపలి తడే మళ్ల తాగుతది."

"నీకు దవాఖానల సీసాలకు సీసాలు ఎక్కియ్యలేదా? అది మాత్రం ఎండాల్నా?"

రెండు చేతులతో సీసా వంచి నీళ్లు ఒంపాను. ఆమె గొంతు తగ్గింది. "జల్ది పూస్తదని పోసిన బిడ్డా. నీ చేతులు ఎప్పుడొస్తయో అని."

బురదలో వెతికితే కందిగింజంత గడ్డ ఇంకా గట్టిగా ఉంది. ట్వీజర్లు తీసుకున్నాను. జారింది. మళ్లీ జారింది. నానమ్మ ఊపిరి బిగబట్టింది. ఆసుపత్రి వాళ్ల ఊపిరి టెస్టులో ఆమె ఫస్టు వచ్చేది. చివరికి గడ్డ లేచింది, కొత్త మట్టిలో కూర్చుంది.

"పట్టినవ్ రా!" అని కళ్లొత్తుకుంది. నేనూ ఒత్తుకునేవాణ్ణే, చేతికి బురద ఉంది.

ఇప్పుడు డ్యూటీకి వెళ్తున్నాను. చలి పొద్దుల్లో వేళ్లు మొరాయిస్తాయి గానీ, గుండీలు నేనే పెట్టుకుంటాను. మొన్న సీసాలో ఊదారంగు పువ్వు విచ్చింది. నానమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గింతేనా?"

తిమ్మిర్లు పాదాల నుంచి పైకి పాకుతుంటే రేపటి దాకా ఆగకండి, అప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఇక మొక్క సంగతి: గాజు లోపల తడి కనిపిస్తున్నంతకాలం నీళ్లు పోయక్కర్లేదు.