ఓటా బండ కోసం నాందేడ్‌కు

దెగ్లూర్ నుంచి నాందేడ్ పోయే మొదటి ఎస్టీ, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సు, ఉదయం ఏడింటికి. ఏడంటే డ్రైవరు చాయ్ తాగి, ఆకు వక్క నోట్లో వేసుకుని వచ్చేదాకా అన్నమాట. నేను ఆరున్నరకే వెళ్లి కిటికీ పక్కన మా అత్తమ్మను కూర్చోబెట్టి, పక్కనే నేను కూలబడ్డాను. ఆమె ఒళ్లో ఒక గుడ్డసంచి, నా ఒళ్లో ఒక గుడ్డసంచి. ఆమె సంచిలో దారికి కట్టుకున్న తిండి ఉందనుకున్నాను. నా సంచిలో ఉన్నది మాత్రం రాయి.

కండక్టరు టిక్కెట్లు కొడుతూ నా సంచి తగిలి మోకాలు రుద్దుకున్నాడు.

"ఏంది బాయీ, రాతి గుండా? దీనికి గూడ టిక్కెట్ కొట్టాల్నా?"

"కొట్టు అన్నా. అర టిక్కెట్ కొట్టు, చిన్న పిల్ల" అన్నాను. బస్సు నవ్వింది. మా అత్తమ్మ నవ్వలేదు.

ఎనభైల మొదట్లో మాట ఇది. మా ఇంటికి గ్యాస్ పొయ్యి వచ్చిన కొత్త. అదే ఏడాది మా అత్తమ్మ మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. కింద కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి. నిలబడితే ఏ బాధా లేదు, బజారంతా తిరిగొస్తుంది. డాక్టరు సూటిగా చెప్పాడు, ఇక కింద కూర్చోవడం బంద్ అని. మా ఆయనకు కిరాణా దుకాణం. ఆయన ఆలోచించి ఆలోచించి, వంటింట్లో నిలబడి వండుకునే గట్టు కట్టిద్దామన్నాడు. మా వైపు దాన్ని మరాఠీ మాటలోనే ఓటా అంటాం. పొయ్యి వెనక గోడకు సున్నం వేస్తే పోపు మసికి నాలుగు నెలల్లో నల్లబడుతుందని నేనే పట్టుబట్టి తాండూరు పసుపు బండ పెట్టించాను. చెక్కని బండ, పొరలు పొరలుగా ఊడదీసినట్టే ఉంటుంది. పొద్దున కిటికీలోంచి ఎండ పడితే వేపిన శనగపప్పు రంగులో వెలిగిపోతుంది. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి చేత్తో నిమిరి పోయారు. నాకు కొమ్ములొచ్చాయని మా ఆడబిడ్డ అంది. వచ్చాయి, నిజమే.

ఇక ఆ గోడ కింద, ఓటా మీద ఏ బండ పరవాలన్నదే మిగిలింది. ఇంట్లో మూడు నెలలుగా నా చేతి జొన్నరొట్టెలే. అంచులు పగిలి, మధ్యలో మందంగా, అటూ ఇటూ పిండి రాలుతూ ఉంటాయి. మా ఆయన ఏమీ అనకుండా తింటాడు. తిట్టినా బాగుండేది. మా అత్తమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ ఉంటుంది. ఒక రోజు ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే.

"నన్ను కుర్సీల కూసోవెట్టిండ్రు. కుర్సీల కూసున్న మనిషి ఇంటికి సుట్టం, పిల్లా. సుట్టం ఒండదు, అడిగి తింటది."

ఓటా అయిపోతే నిలబడి చేసుకోవచ్చుగా అంటే ఆమెకు నమ్మకం లేదు. నలభై ఏళ్లు పొయ్యి ముందరి నేలబండ మీద రొట్టె కొట్టిన చెయ్యి అది. "మొఖం సూసుకునే బండ మీద రొట్టె తిరుగుతదా?" అని ఒక్కటే ప్రశ్న. నాకేమో మెరిసే నల్లబండ కావాలి, అద్దంలా. పసుపు గోడ కింద నల్లని అద్దం! ఊహించుకుంటేనే ఒళ్లు పులకరించేది. నేను ఎంచుకుంటానని మా ఆయన దగ్గర మాట తీసుకుని, రంగు జోడు చూడటానికి గోడ పసుపు బండ ముక్క ఒకటి సంచిలో వేసుకున్నాను. అయితే మా అత్తమ్మ కూడా బయల్దేరింది. ఎందుకూ అంటే చెప్పలేదు.

నర్సీలో బస్సు పావుగంట ఆగింది. చాయ్, వేడి మిర్చీ భజ్జీ దొరుకుతాయి. భజ్జీ తినండి, చాయ్ మాత్రం నాందేడ్‌లోనే తాగండి. ఇక్కడ పాలు మాటకే. నాయ్‌గావ్‌లో ఒక నడివయసామె ఎక్కి మా సీట్లోనే మూడో మనిషిగా ఇరుక్కుంది. నా సంచి సంగతి అడిగితే చెప్పాను.

"అయ్యో, మా మరదలింట్ల ఓటా వెట్టిండ్రు. మస్తుంటది సూడనీకె. కూర ఓటా మీద ఒండుతది, రొట్టె మాత్రం కిందనే కూసోని కొడ్తది. జారుతదంట" అందామె.

మా అత్తమ్మ కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ ఉండిపోయింది. ఆమె ఒక్క మాట అన్నా నేను నాలుగు మాటలతో జవాబు చెప్పేదాన్ని. నేను సంచిలోని రాయిని తడుముకున్నాను. జారితే? ఇంత ఖర్చు పెట్టి, ఓటా కట్టి, చివరికి ఆమె కుర్చీలోనే ఉండిపోతే? గోదావరి వంతెన వచ్చేదాకా ఇదే గుబులు.

తొమ్మిదిన్నర దాటాక నాందేడ్ స్టాండులో దిగాం. రిక్షావాడు చెప్పిన రేటుకు సగం అడగండి, ముప్పాతికకు ఒప్పుకుంటాడు. బండల దుకాణాలు రైలు పట్టాలవైపు వరసగా ఉన్నాయి. నాలుగైదు చూసి, నీడ ఉన్న దుకాణంలోకి వెళ్లాం. యజమాని ఇబ్రహీం సేఠ్ లావుపాటి మనిషి, తెల్ల పైజామా, ఒళ్లో విసనకర్ర. తెలుగు, మరాఠీ, దక్కనీ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడతాడు.

"ఆయియే అమ్మా, బసా బసా. ఏం గావాలె? కడప్పా ఉన్నది, తాండూర్ ఉన్నది, మార్బల్ ఉన్నది."

నాందేడ్‌లో ఓటా నల్లబండను కడప్పా అనే అంటారు. మన కడప ఊరి పేరు ఇక్కడ రాయి పేరైపోయింది. సేఠ్ మాకు వరసగా మూడు చూపించాడు. మొదటిది గని నుంచి వచ్చిన గరుకు బండ. రెండోది హాఫ్ పాలిష్, నీళ్లతో నున్నగా రుద్ది మెరుపు రాకముందే ఆపేసింది. మూడోది మిర్రర్ పాలిష్. ట్యూబులైటు కింద దాన్ని తడిగుడ్డతో తుడిచి పక్కకు జరిగాడు.

"దేఖో, ఆయినా హై ఆయినా, అద్దం! మీ చెహరా కనవడ్తది" అన్నాడు.

కనబడింది. నా బొట్టు, నా ముక్కుపుడక, నా వెనకాల తిరిగే ఫ్యాను. నేను నా రాయి తీసి ఆ నల్లటి అద్దం మీద పెట్టాను. పసుపు, నలుపు. "ఇదే ఖాయం" అనేశాను. సేఠ్ సుద్దముక్క తీశాడు, బండ మీద మా పేరు రాయడానికి.

"జర ఆగు" అంది మా అత్తమ్మ.

ఆమె తన గుడ్డసంచి విప్పింది. అందులో తిండి అడుగున ఉంది. పైన ఒక డబ్బా నిండా జొన్నపిండి, ఒక చిన్న గిన్నె! ఆమె నేరుగా ఎదుటి చాయ్ దుకాణానికి వెళ్లి వేడినీళ్లు అడిగి తెచ్చుకుంది. పిండిలో పోసి, కలిపి, మెత్తగా మడిచి మడిచి పిసికింది. బండలను బల్లల మీద పడుకోబెట్టమంది.

సేఠ్ విసనకర్ర ఊపడం ఆపాడు. "మాఁజీ, ఇది దుకాన్, రసోడా గాదు, వంటిల్లు గాదు" అన్నాడు.

"నువ్వు బండ అమ్ముతున్నవ్, నేను బండ మీద బతుకుతున్న. జర్రంత ఓపికవట్టు బిడ్డా."

ఓపిక పట్టాడు పాపం. మా అత్తమ్మ మెరిసే బండ ముందు నిలబడింది. పిండి చల్లింది, ముద్ద పెట్టింది, కుడిచేత్తో తట్టుతూ ఎడమచేత్తో తిప్పడం మొదలుపెట్టింది. రెండు తిప్పులు బాగానే తిరిగింది. రొట్టె పలచనయ్యేకొద్దీ చేతి కిందినుంచి జారడం మొదలైంది. ఇటు తడితే అటు పారిపోతోంది. ఆమె గట్టిగా ఒక దెబ్బ వేసింది. రొట్టె బండ మీది నుంచి ఎగిరి పోయి సేఠ్ ఒళ్లో, విసనకర్ర మీద పడింది.

దేవుడి మీద ఒట్టు, అలాంటి నవ్వు నేను మళ్లీ వినలేదు. అంత నవ్వింది సేఠే! చాయ్ దుకాణంలో ఉన్నవాళ్లు గ్లాసులు పట్టుకుని వచ్చేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సిగ్గు కాదు, భయం. నాయ్‌గావ్ ఆమె మరదలి మాట నిజమైపోతోంది.

గరుకు బండ మీద ఇంకో ముద్ద. పిండి గుంటల్లో దిగి అతుక్కుంది, తీయబోతే చిరిగింది. మా అత్తమ్మ చేతులు దులుపుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు, ఇంకేదో ఉంది. ఆశ పోతున్నప్పుడు మనిషి నిదానంగా కదులుతుంది చూడండి, అట్లా కదిలింది మిగిలిన బండ వైపు. నేను వెళ్లి ఆ హాఫ్ పాలిష్ బండను నా కొంగుతో తుడిచాను. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు.

పిండి చల్లింది. ముద్ద పెట్టింది. తట్టింది. రొట్టె తిరిగింది. మళ్లీ తట్టింది, మళ్లీ తిరిగింది. జారలేదు, అతుక్కోలేదు. టప్ టప్ టప్ అని ఆ చప్పుడు! మూడు నెలలుగా మా ఇంట్లో వినబడని చప్పుడు నాందేడ్ బండల దుకాణంలో వినబడింది. రొట్టె తామరాకంత అయింది, ఒక్క పగులు లేదు. రెండు చేతుల మీదికి ఎత్తి పట్టుకుని నా వైపు చూసింది.

"తిరుగుతున్నదే పిల్లా! నిలవడి కొట్టిన! సూసినవా, నిలవడి కొట్టిన!"

"చూసిన అత్తమ్మా" అన్నాను.

చాయ్ దుకాణం అతను పెనం మీది ఆమ్లెట్ తీసేసి, పెనం కడిగి ఇచ్చాడు. మా అత్తమ్మ ఆ ఒక్కరోజుకు ఆమ్లెట్ సంగతి చూడనట్టే ఊరుకుంది. రొట్టె వేసి, నీళ్లు రాసి, తిప్పి మంట మీద పెడితే పొంగి గాలిబుడగలా లేచింది. నిలుచున్న వాళ్లంతా చప్పట్లు కొట్టారు. తలా ఒక ముక్క, మేం తెచ్చుకున్న పచ్చిమిరప తొక్కు, ఒక ఉల్లిగడ్డ. సేఠ్ రెండు ముక్కలు తిని వేళ్లు నాకాడు.

ఇక నా సంగతి. బండ అత్తమ్మకు నచ్చింది, మరి నా గోడకు? నేను పట్టు విడిచే మనిషిని కాను. రెండు నల్లబండల ముక్కలు తీసుకుని, నా పసుపు రాయితో బయట ఎండలోకి వెళ్లాను. మూడింటి మీదా నీళ్లు పోశాను. లోపల ట్యూబులైటు కింద వెలిగిపోయిన అద్దం బండలో ఎండకు ఆకాశం, కరెంటు తీగ, దుకాణం బోర్డు కనబడుతున్నాయి. బండ మాత్రం కనబడటం లేదు. దాని పక్కన నా పసుపు రాయి పెళ్లికి పిలవకుండా వచ్చిన బీద చుట్టంలా ఉంది. హాఫ్ పాలిష్ ముక్క పక్కన పెట్టగానే అదే రాయి లేచి కూర్చుంది. నల్లబండలో సన్నటి నీలం తేలింది. నా పసుపు రాయి పొరల మధ్య కూడా అదే నీలం గీత ఉంది! ఇన్నాళ్లూ నేను చూడనే లేదు. రెండూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి.

"నిమ్మకాయ రసం, చింతపులుసు వడ్డా దీని మీద మరక అంతగ కనవడదు. అద్దం మీద వడితె తెల్లగ మచ్చ" అన్నాడు సేఠ్ వెనకనుంచి.

"మరి ముందుగాల ఎందుకు చెప్పలే?"

"అమ్మా, అందరు ఆయినానే అడుగుతరు. మీరు గూడ అదే అడిగిండ్రు గద."

సుద్దముక్క సేఠ్ చేతిలో పెట్టాను. పేరు హాఫ్ పాలిష్ బండ మీద రాయించాను. అంచులు కొట్టించి, లారీలో దెగ్లూర్ పంపుతానన్నాడు. చెప్పినట్టే పంపాడు కూడా.

మధ్యాహ్నం గురుద్వారాలో లంగర్ భోజనం చేశాం. ఎవరైనా కూర్చుని తినవచ్చు, పైసా అడగరు. మా అత్తమ్మ కింద కూర్చోలేదు కదా, ఒక సర్దార్జీ చూసి గోడ పక్కన అరుగు చూపించాడు. అక్కడి గోధుమ రొట్టెను ఆమె వేళ్లతో నొక్కి చూసి, బాగుందన్నట్టు తల ఊపింది. ఆ రోజు ఆమెకు ప్రతి రొట్టె మీదా అధికారం వచ్చేసింది.

నాందేడ్ చూసిరావాలనుకునే ఆడవాళ్లకు, అందులోనూ వంటిల్లు కట్టించుకునే వాళ్లకు, నా మాట ఒకటే. గోడ రాయి ముక్క వెంట తీసుకెళ్లండి, ఎండలో తడిపి చూడండి. అంతకంటే ముందు, వండబోయే మనిషిని తీసుకెళ్లండి.

సాయంత్రం నాలుగున్నర బస్సు కిక్కిరిసి ఉంది. ఒక కాలేజీ పిల్లవాడు మా అత్తమ్మను చూసి లేచి, "కూసో అవ్వా" అన్నాడు.

"వద్దు బిడ్డా, నువ్వే కూసో. నేను నిలవడి ఒండేదాన్ని" అంది.

వాడికి ముక్క అర్థం కాలేదు. ఆమె పైకడ్డీ అందక సీటు కడ్డీ పట్టుకుని, కొంగు నడుముకు చుట్టుకుని, నాయ్‌గావ్ దాటింది, నర్సీ దాటింది. నేను కూర్చున్న చోటు ఇస్తానని మూడుసార్లు అన్నాను. మూడోసారికి కసిరింది.

"నువ్వు కూసోవే. బండ వచ్చినంక నీకు రొట్టెల పని తప్పుతది."

బస్సులో అందరిముందూ నా రొట్టెల పరువు అట్లా పోయింది. నేను కిటికీ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా, కడుపారా నవ్వుకున్నాను.