ఎవరి బిడ్డలవో ఆ గీతలు

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే దిద్దించిన అక్షరాలతో ఇది రాస్తున్నా.

మా పాప ఏడో నెలలోనే పుట్టింది. తిరుపతి ఆసుపత్రిలో స్వామి దయవల్ల బతికి బయటపడినాక, వేలమంది పిల్లల మెదళ్లు ఎట్లా పెరుగుతాయో చూసే పరిశోధనలో మా పేరూ ఇచ్చినాం. ఏటా చిత్తూరు నుంచి బస్సెక్కి పోయేవాళ్లం. మూడేళ్లు నిండినా పాపకు నాలుగు మాటలకు మించి రాలేదు. నా బిడ్డ మెదడు బాగుందా లేదా, ఈసారి అడిగి తీరాలనుకున్నా.

తల చూస్తారని చెప్పినందుకు మా అత్త తెల్లారకముందే లేచి పాప మాడుకు ఆముదం దట్టంగా పట్టించింది. అక్కడేమో తలకు వైర్లున్న టోపీ పెట్టాలి. అది జారిపోతా ఉంది.

"ఎవురక్కా పూసింది? ఈ తలకు వత్తి పెడితే దీపం ఎలుగుతాది!" అని నవ్వింది టోపీ పెట్టే అమ్మాయి.

"మా అత్తమ్మా. తల సల్లగా ఉంటే మెదడు బాగా కనిపిస్తాదంట."

షాంపూతో కడిగితే పాప ఆసుపత్రంతా వినపడేట్టు ఏడ్చింది. జుట్టు ఆరేదాకా కూర్చోమన్నారు. అప్పుడు అడిగేసినా.

ఆ అమ్మాయి నవ్వు ఆపేసింది. "ఒక్క పాపను చూసి ఈ టోపీ ఏమీ చెప్పలేదక్కా. వేలమందివి కలిపి చూస్తేనే తెలిసేది. మాటల సంగతి కింద ఉండే పిల్లల డాక్టరమ్మకు చూపించు."

మూడేళ్లు తిరిగింది దీనికా? ఇంక రాకూడదనుకుని పాపను చంకనేసుకుని కిందికి దిగినా.

డాక్టరమ్మ పాపను పిలిచి చూసింది, బొమ్మ దాచి వెతికించింది. తర్వాత ఒక కాగితం తీసింది. దానిమీద వంపుగా పైకి పోయే గీతలు. అడుగు గీత పక్కన పెన్నుతో చుక్క పెట్టింది.

"నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఎట్లా ఎదుగుతారో ఈ గీతలు చెప్తాయి. నీ కూతురు ఈడ ఉండాది. వెనకబడింది, కానీ ఎదుగుదల ఆగలేదు. మాటలు నేర్పే ఆమె దగ్గరికి వారం వారం తీసుకురా."

"ఈ గీతలు యాడివమ్మా?"

"ఇంతకుముందు పుట్టిన పిల్లలవి. వేలమంది తల్లులు తెచ్చి చూపించబట్టే గీయగలిగినారు."

ఆ తల్లులకూ వాళ్ల బిడ్డ సంగతి ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. వాళ్ల ఊర్లు తెలియవు, ముఖాలు తెలియవు. స్వామికి పెట్టే దండమే వాళ్లకూ మనసులో పెట్టుకున్నా.

మళ్లీ మెట్లెక్కినా. ఆ అమ్మాయి టోపీ సర్దేస్తా ఉంది.

"పోలేదా అక్కా?"

"పోలా. పెట్టమ్మా, తల ఆరింది."

ఆ టోపీకి ఏం కనబడిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఏటా పోతానే ఉన్నాం, మాటలు నేర్పే ఆమె దగ్గరికైతే వారం వారం. నిన్న పాప వాళ్లవ్వ మీద కసిరింది: "సంగటి నాకొద్దు పో!" పెద్దవాళ్లను అట్లా అనకూడదని గదమాల్సింది నేను. దేవుడి గదిలోకి పోయి నవ్వుకున్నా.