శాంతమ్మవ్వ వైనూ, నా కల్లు నాలుకా

మొన్న పండుగ నాడు నేను శాంతమ్మవ్వ ఇజ్జత్ తీసిన ముచ్చట మీ దాంక రాలేదా? అయితే జర కూసోండ్రి, చాయ్ తాగుకుంట చెప్త. బయటోళ్లయితె ఇంకింత కారం కలిపి చెప్తరు. నా ముచ్చట నేనే చెప్పుకుంటె నయం.

శాంతమ్మవ్వ మా పక్కింటామె. చర్చోళ్లు. ఎండకాలంల బీదర్ దిక్కుకెళ్లి నల్లద్రాక్ష వస్తది సూడుండ్రి, పొద్దుగూకెటాలకు చితికిన గుత్తులు సస్తగ ఇచ్చేస్తరు. అవ్వ అవే తెస్తది. నయాపైసలొచ్చినా ఆమె బేరం ఇంక అణాలల్లనె! కడిగి, ఆరబెట్టి, చేతితోని పిసికి, చక్కెర పోసి జాడీకెత్తుతది. వడగట్టి క్రిస్మస్ దాంక దాస్తది. పండుగ నాడు చర్చి ఇడువంగనె అందరు సీదా ఆమె ఇంటికే. చిన్న గ్లాసుల ఎర్రటి వైను, ఒక కేకు ముక్క. అవ్వకు గదే పేరు, గదే ఆస్తి.

ఈయేడు వానలల్ల అవ్వకు జరమొచ్చింది. దవాఖానకు పోయొచ్చినంక జరం పోయింది గని, దాంతోని నాలుక గూడ పోయింది. ఉప్పు తెల్వది, తీపి తెల్వది, వాసన సుత లేదు. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలేదు. ఎందుకంటె కోడలు రోజీ ఎప్పటిసందో అంటున్నది, "అత్తమ్మా, ఈ వయసుల ఎందుకింత కష్టం, షర్బత్ పోద్దాం" అని. పాపం, ఆ పిల్ల మంచికే అంటది. అవ్వకు మాత్రం అది "నీ పని అయిపోయింది" అన్నట్టే ఇనబడ్తది.

పండుగ ముందల ఒకనాడు, రోజీ బజారుకు పోంగనె, అవ్వ గోడ అవతలి నుంచి పిలిచింది.

"నర్సిమ్లూ, జర ఇటు రా బిడ్డా. రెండు జాడీలున్నయి. ఏది బల్లమీద పెట్టాల్నో చూసి చెప్పు. నా నాలుక సంగతి ఎవ్వరికీ చెప్పకు."

"మీ చర్చోళ్లనడగరాదు అవ్వా?"

"వాళ్లనడిగితె పొద్దుగూకెటాలకు చిరాగ్‌పల్లి దాంక తెలుస్తది. నీకు రుచి ఎరుకే గద?"

"ఎరుక లేకేంది అవ్వా!" అన్న, ఛాతి ఇంత చేసుకొని. నిజం చెప్పాల్నంటె నేను జల్మల వైను ముట్టలేదు. నాకు ఎరుకున్నది ఈతకల్లు.

మొదటి జాడీలకెళ్లి గ్లాసుల పోసిచ్చింది. ఎంగిలి అయితదని ఎత్తి పోసుకున్న. సగం నోట్లకు, సగం మీసాలకు! తియ్యగ, మెత్తగ, ద్రాక్షపండు నోట్ల పగిలినట్టున్నది, ఎనుక జర వగరు.

"ఇదేంది అవ్వా, పోరగాళ్ల షర్బత్ లెక్కున్నది?"

అవ్వ మొఖం చిన్నగైంది. రెండో జాడీది పోసింది. అబ్బబ్బ! ముక్కుల మంట, కండ్లల్ల నీళ్లు, దవడలు గుంజినయి. మీకెరుకే గద, పొద్దుగాల దించిన తియ్యకల్లును మనం లెక్క చేస్తమా? పొద్దెక్కి పులిసినంకనే అది కల్లు. నేను గదే హిసాబ్ ఇక్కడ గూడ పట్టిన.

"ఇదీ మాల్ అంటె! ఇదే పెట్టు!"

"నోట్ల పోయంగనె పండు తెలుస్తున్నదా బిడ్డా?"

"పండేంది అవ్వా, తోటంత తెలుస్తున్నది!"

అవ్వ నా రెండు చేతులు పట్టుకున్నది. "సల్లగుండు నాయినా, నా పండుగ నిలబెట్టినవ్" అన్నది. ఆ షర్బత్ జాడీ నాకే ఇచ్చింది. ఇంటికి తెస్తె మా ఇంటామె లచ్చవ్వ అటకెక్కిచ్చింది.

పండుగొచ్చింది. అవ్వ కొత్త చీర కట్టి, తన చేతితోనే అందరికి గ్లాసులిచ్చింది. పాస్టరయ్య ఒక గుటక మింగిండు. మింగి, కండ్లు గట్టిగ మూసుకున్నడు. నేను ప్రార్థన అనుకున్న! ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. అవ్వ మీద ప్రేమ గద, అందరు ఎట్లనో మింగిండ్రు. గని ఏటా "ఇంకింత పొయ్యవ్వా" అనేటోళ్లు, ఈసారి ఒక్కరు సుత అనలేదు. అవ్వకు నాలుక లేదు గని కండ్లున్నయి. అందరి మొఖాలు చూసింది, చేతుల గ్లాసు అట్లనే పట్టుకొని నిలబడ్డది.

రోజీ ఒక చుక్క నాలుక మీద ఏస్కొని నా పక్కకొచ్చి మెల్లగ అన్నది. "అన్నా, ఇది పులిసి సిర్క అయింది, వెనిగర్!"

నాకు అటకమీది జాడీ యాదికొచ్చింది. చెప్పులు గూడ ఏస్కోకుంట ఉరికిన. అటకెక్కి జాడీ దించి, సంకల పెట్టుకొని మళ్ల ఉరికొచ్చిన.

"అవ్వ తప్పు కాదు! జాడీలు అదలుబదలు చేసింది నేను! అసలుది ఇది!" అని అందరి ముందల ఒర్రిన.

రోజీ పోసింది. పాస్టరయ్య భయం భయంగ జర నోట్ల ఏస్కున్నడు. ఇంకో గుటక. తర్వాత గ్లాసు ముందుకు చాపి, "అవ్వా, ఇంకింత" అన్నడు. అవ్వ కొంగుతోని కండ్లు తుడుసుకుంట పోసింది.

ఆ సిర్క ఇప్పుడు మా ఇంట్లున్నది. లచ్చవ్వ దాంట్ల ఉల్లిగడ్డలేసి, "నువ్వు మెచ్చిన మాలే గద, తిను" అని పూట పూటకు పెడుతున్నది.

నిన్న గోడకాడ అవ్వ కనబడితె తలకాయ దించుకొని అన్న, "అవ్వా, వచ్చేయేడు తెలిసినోళ్లను ఎవరినన్న పిలుసుకో."

"ఎందుకు బిడ్డా? నిన్నే పిలుస్త. నువ్వు వాహ్ అన్నది సిర్క సీసాల పోస్త, నువ్వు ఛీ అన్నది బల్లమీద పెడ్త. ఇంత పక్కా నాలుక జహీరాబాద్ల ఇంకెవరికున్నది?"

గట్ల, నా నౌకరీ ఖాయమైంది.