కార్డు మీద తోటమాలి

ఒక మనిషి తొమ్మిదేళ్ళు ఖతర్‌లో ఇనుప గొట్టాలు అతికించి, అక్కడి గుర్తింపు కార్డు మీద మాత్రం తోటమాలిగా బతికాడంటే నమ్ముతారా? నమ్మాలి. ఆ కార్డుకి జిరాక్సులు తీసింది నేనే.

నా పేరు కమాలుద్దీన్. మాది కోరుట్ల. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ సందులో, ఒక మలయాళీ టైలరుకీ ఒక సెలూన్‌కీ మధ్య, నా టైపింగ్ సెంటర్. నాది అంటాను గానీ కాగితాల మీద అది మా కఫీల్‌ది, అంటే నాకు వీసా ఇచ్చి పూచీ ఉన్న ఖతర్ ఆసామిది. పదిహేడేళ్ళుగా జనానికి దరఖాస్తులు, ఉత్తరాలు కొట్టి పెడుతున్నాను. నాకు కోపం జాస్తి. కోరుట్లలో ఉన్న నా భార్య గౌహర్ ఫోన్లో నా కీబోర్డు చప్పుడు విని, "టైప్ చేస్తున్నవా, రొట్టెలు కొడుతున్నవా?" అని అడుగుతుంది. ఆ మాట ఎందుకు గుచ్చుకుంటుందో చివర చెప్తాను.

ఆ తోటమాలి పేరు జలంధర్. మెట్‌పల్లి దగ్గర పల్లె. ట్రాక్టర్ ట్రాలీలు చేసే షాపులో వెల్డింగ్ నేర్చుకున్నాడు. 2004లో ఇక్కడికి వచ్చాడు. చమురు, గ్యాసు డబ్బుతో ఖతర్ రాత్రికి రాత్రి పెరుగుతున్న కాలం అది. గొట్టాలు అతికించేవాళ్ళు ఎంతమంది ఉన్నా చాలేవాళ్ళు కాదు. కంపెనీ దగ్గర వెల్డర్ వీసాలు అయిపోయాయి, తోటమాలి వీసాలు మిగిలాయి. "వీసా తోటమాలిది, పని వెల్డర్‌ది, పోతే పో" అన్నాడు ఏజెంటు. పోయాడు. అందులో వింతేమీ లేదు, మా దగ్గర సగం మంది కార్డు ఒకటి చెప్తుంది, చేతులు ఒకటి చెప్తాయి.

కానీ ఆ ఒక్క మాట అతన్ని బాగా దెబ్బకొట్టింది. తోటమాలి కార్డుకి ఫ్యామిలీ వీసా రాదు. తొమ్మిదేళ్ళలో భార్య అరుంధతిని చూసింది ఐదుసార్లు. కూతురు పుట్టిన పద్నాలుగు నెలలకి మొదటిసారి ఎత్తుకుంటే, పిల్ల గుక్కపట్టి ఏడ్చిందట.

2013 ఎండాకాలం మొదట్లో ఒక శుక్రవారం, క్యాంప్ బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు.

"కమాల్ భాయ్, కెనడ కాయితాలు అచ్చినయ్. జర సూడు."

చూశాను. ఎడ్మంటన్ అనే ఊళ్ళో ఒక వర్క్‌షాపు. వాళ్ళ మనుషులు దోహా వచ్చి పరీక్ష పెట్టారు, మనవాడు పాసయ్యాడు, ఉద్యోగం ఖాయం. అది కూడా రెండేళ్ళకని తీసుకుపోయి తర్వాత పొమ్మనే రకం కాదు. పెళ్ళాం పిల్లలతో వెళ్ళి అక్కడే ఉండిపోయే రకం. ఇంగ్లిషు పరీక్షలో కూడా రెండోసారి గట్టెక్కాడు. కావలసింది ఒక్కటే: వెల్డర్‌గా పనిచేసినట్టు రుజువు. నెలాఖరులోగా పంపాలి.

"కంపెనీ ఉత్తరం ఏది?"

"అడిగిన. మాఫీ, లేదు పో అన్నరు. కార్డు మీద తోటమాలి ఉంటే వెల్డర్ అని ఎట్ల రాయాలె, రాస్తే మాకు జుర్మానా పడ్తది అన్నరు. కావాల్నంటే తోటమాలి అని రాసిస్తరట. మంచిగ రాస్తరట."

అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అంటే ఇదే. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కంప్యూటర్లో, ఎప్పుడో మూతపడిన ఒక కంపెనీ లెటర్‌హెడ్ ఉంది. అలాంటి అవసరాలకే దాచుకున్నాను, దాచడమెందుకు. పది నిమిషాల్లో ఉత్తరం కొట్టి చేతిలో పెట్టాను.

జలంధర్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "భాయ్, ఈ కంపెనీల నేను పని చెయ్యలే గద."

"వెల్డింగ్ అయితే చేసినవు గద. వెల్డర్‌ను పట్టుకొని తోటమాలి అని రాసినోనికి లేని పాపం, వెల్డర్‌ను వెల్డర్ అని రాస్తే నాకచ్చిందా? తీస్కపో."

తీసుకుపోయాడు. మరుసటి శుక్రవారం మళ్ళీ వచ్చాడు. ఒక్కడే కాదు, వెనక ఆరడుగుల పెద్దమనిషి ఉన్నాడు. అరవైకి దగ్గరగా ఉంటాడు. నెరిసిన జుట్టు జడ అల్లి వీపు మీద వేసుకున్నాడు. పేరు వాల్టర్. జలంధర్ వాళ్ళ వర్క్‌షాపులో అతుకులు పరీక్షించే ఇన్‌స్పెక్టరు, కెనడావాడు. అతన్ని దరఖాస్తులో ఏదో ఒక గడి ఎలా నింపాలో అడుగుదామని వెళ్ళి, ఫైలు మొత్తం చేతికిచ్చాడు మన అమాయకుడు.

వాల్టర్ నా ఉత్తరం బల్ల మీద పెట్టాడు. "ఇది నువ్వేనా రాసింది? పట్టుబడితే ఈ మనిషికి మా దేశం తలుపు ఏళ్ళ తరబడి మూసేస్తారు. తెలుసా?"

నేను ఊరుకునే రకమా? "మీ దేశం కాగితం అడిగింది, నేను కాగితం ఇచ్చాను. ఇతని కాగితాల్లో మొదటి అబద్ధం పెట్టింది నేను కాదు. వాళ్ళ దగ్గరికి పోయి అరవండి" అన్నాను, అరుస్తూనే.

పక్కన టైలరు మిషను ఆపి, గుమ్మం దగ్గరికి వచ్చి మరీ చూశాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టయింది నా పని. తల దించుకుని కూర్చున్నాను. వాల్టర్ కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముగ్గురికీ కరక్ చాయ్ తెప్పించాను. కోపం ఉన్నా మర్యాద మర్యాదే.

"రెండేళ్ళుగా ఇతని పని నేను చూస్తున్నాను. అతుకులకి ఎక్స్‌రే తీస్తే వంక పెట్టడానికి ఉండదు" అన్నాడు వాల్టర్.

"అయితే మీరే రాసివ్వండి."

"నా రిజిస్టర్లలో పేర్లుండవు. నంబర్లే."

అప్పుడు జలంధర్ చొక్కా జేబులోంచి వేలెడంత ఉక్కు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. మొన మీద డబ్ల్యూ 47 అని చెక్కి ఉంది. ప్రతి వెల్డర్‌కీ ఒక నంబరు ఉంటుంది. అతుకు పూర్తి కాగానే దాని పక్కన ఆ నంబరు సుత్తితో కొట్టాలి. పదేళ్ళ తర్వాత కారినా ఎవరి తల పట్టుకోవాలో తెలియడానికి. మనవాడికి అదంటే ప్రాణం. టిఫిన్ డబ్బా మీద కూడా 47 అని గీసుకున్నాడు.

"ఇది నాదే సార్" అన్నాడు.

వాల్టర్ దాన్ని ముట్టుకోలేదు. ఫోర్‌మన్లు అందరూ వెల్డర్లని నంబర్లతో పిలుస్తుంటే, ఇతనొక్కడే నోరు తిరగకపోయినా పేర్లతో పిలుస్తాడని జలంధర్ నాకు ముందే చెప్పాడు. ఎందుకో ఆ రోజు తెలిసింది.

కెనడా నేల మీద తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఉన్న క్రీ జనం వాళ్ళది. అతని తల్లి ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఇంట్లోంచి పట్టుకుపోయి, చర్చి నడిపే సర్కారీ బడిలో పెట్టారు. జడ కత్తిరించారు. అమ్మ నేర్పిన మాట మాట్లాడితే కొట్టారు. పేరు తీసేసి నంబరు ఇచ్చారు, ముప్పై ఒకటి. ఆ నంబరు బట్టల మీద కుట్టారు. ఎనభైకి వచ్చినా ఆమె ఈనాటికీ కొత్త స్వెటర్ కొంటే మెడ దగ్గర లేబుల్ ముందు కత్తిరించేస్తుందట.

"మా దేశం అంటే మంచు, మంచితనం అని చెప్తారు. అదీ మా దేశమే, ఇదీ మా దేశమే. సర్కారు పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. ఇప్పుడు ఊరూరా సభలు పెట్టి ఆ బడి పిల్లల మాట వింటున్నారు. ఇంకోవైపు మా కాఫీ దుకాణాల్లో బయటివాళ్ళ గురించి గొడవ. ఒకడు మా ఉద్యోగాలు తింటున్నారంటాడు, వీళ్ళు రాకపోతే ఈ దుకాణమే మూత అని ఇంకొకడంటాడు. ఆ గొడవలోకి వచ్చేవాడు అబద్ధం పేరుతో రాకూడదు."

నేను తెలుగులో చెప్పాను. జలంధర్ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"భాయ్, ఆయనకు జెప్పు. ఆ అమ్మకు నంబర్ ఎవడో తగిలిచ్చిండు. అది పాపం. ఇది గట్ల గాదు. నా కార్డు అబద్ధం, గీ నంబర్ నిజం. నేను చేసిన పని మీద నేనే కొట్టుకున్న."

చెప్పాను. వాల్టర్ ఆ ఉక్కు ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "సరే. కానీ ఉత్తరంలో పేరు ముందు, నంబరు తర్వాత" అన్నాడు.

అలా అతను చెప్తుంటే నేను కొట్టాను. లస్మయ్య కొడుకు జలంధర్ అనే ఇతను, డబ్ల్యూ 47 గుర్తు గల వెల్డరు, ఇతను చేసిన పదకొండు వందల పైచిలుకు అతుకులు నేను స్వయంగా పరీక్షించాను, అని. వర్క్‌షాపులో ఫోటోలు తీయనివ్వరు. అందుకని వాల్టర్ పరీక్షకి చేసిన ఒక గొట్టం ముక్క మీద కాగితం పరిచి, పిల్లలు రూపాయి బిళ్ళ మీద రుద్దినట్టు పెన్సిల్‌తో రుద్ది, నంబరు కాగితం మీదికి తెచ్చాడు. కింద సంతకం పెట్టాడు.

ఇక తోటమాలి సంగతి. దాచినా నడిచిపోయేదేమో. వాల్టర్ దాచొద్దన్నాడు. నేనైతే భయపడ్డాను.

"జలంధర్, ఆలోచించుకో. ఈ సంగతి నువ్వే రాసిచ్చినవని కంపెనీకి తెలిస్తే ఎల్లగొడ్తరు. కెనడా రాక, ఇది పోయి, రెంటికీ చెడ్తవు."

"రాయి భాయ్" అన్నాడు. "అక్కడ గూడ అబద్ధం మీదనే బతుకాల్నంటే, అరుంధతిని ఎందుకు తోల్కపోవాలె?"

రాశాను. ఒక్క అబద్ధం లేని ఉత్తరం కొట్టి ఎన్నాళ్ళయిందో, వేళ్ళు తడబడ్డాయి.

ఆగస్టులో కెనడా అధికారి ఒకామె ఫోన్లో ఇంటర్వ్యూ చేస్తానని కబురు పెట్టింది. డ్యూటీకి సెలవు పెట్టి నా షాపులోనే కూర్చున్నాడు. నేను షట్టరు సగం దించి, టైలరుని మిషను తొక్కితే చంపుతానని బెదిరించి వచ్చాను.

"మీ కార్డు మీద తోటమాలి అని ఉంది. ఏ మొక్కలు పెంచారు?" అని అడిగింది.

"నో ప్లాంట్, మేడం. ఓన్లీ పైప్."

అటువైపు నవ్వు వినబడింది. తర్వాత ఇరవై నిమిషాలు గొట్టాల గురించే అడిగింది. ఎంత సందు వదలాలి, మొదటి వరస ఎలా వెయ్యాలి అని. ఫోన్లో కనబడదని మరిచిపోయి వీడు గాలిలో చేతులతో వెల్డింగ్ చేసి చూపించాడు. ఆఖరికి, "తోటమాలి సంగతి మీరే ఎందుకు రాశారు?" అంది. జలంధర్ నావైపు చూశాడు. నువ్వే చెప్పమని సైగ చేశాను. అది అతను చెప్పవలసిన మాట.

"మేడం, ఐ కమ్ విత్ మై నేమ్. ఆర్ ఐ నాట్ కమ్" అన్నాడు.

డిసెంబరులో కెనడా రమ్మని ఉత్తరం వచ్చింది. నేను చదివాను. వెల్డర్ అన్న మాట మీద వేలు పెట్టి, "మల్లొక్కసారి సదువు భాయ్" అన్నాడు. నాలుగుసార్లు చదివించాడు, కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాపరికమెందుకు. ఊళ్ళో అతని తల్లి చిన్నవ్వ మాత్రం ఫోన్లో, "కెనడ అంటే దుబాయ్ల ఏ దిక్కు బిడ్డా?" అని అడిగిందట.

పోయేముందు కంపెనీ ఉక్కు ముక్క వెనక్కి తీసుకుంది. 47 ఇంకెవరికో ఇస్తారు. ఆ రోజు మాత్రం మనవాడు దిగులుపడ్డాడు. ఫిబ్రవరిలో అరుంధతి, కూతురు ఊరి నుంచి, ఇతను దోహా నుంచి బయల్దేరి ఎడ్మంటన్‌లో కలుసుకున్నారు.

మార్చి నెలాఖరులో జలంధర్ నుంచి ఫోను వచ్చింది. వాల్టర్ అప్పటికి కాంట్రాక్టు ముగించుకుని ఇంటికి చేరాడు. బడి పిల్లల సభ వాళ్ళ ఊళ్ళోనే జరిగితే, తల్లితో పాటు వీళ్ళనీ తీసుకెళ్ళాడట.

"మంది మస్తుగున్నరు భాయ్. ఆ అమ్మ మైకు కాడ నిలవడి ముందు పేరు చెప్పింది. తల్లి పేరు చెప్పింది. ఊరు చెప్పింది. గప్పుడు నంబర్ చెప్పింది. నాకు సగమే సమజయింది గని, ఏడ్పు ఆగలే."

"తర్వాత?"

"అయిపోయినంక వాల్టర్ సార్ నన్ను సూపెట్టిండు. నా పేరు అడిగింది. చెప్పిన. తప్పు పలికింది, మల్ల అడిగింది. మల్ల తప్పు పలికింది. నా చెయ్యి ఇడిచిపెట్టలే భాయ్. జలంధర్ అని సక్కగ అచ్చేదాంక ఊకోలే."

వర్క్‌షాపులో ఒకడు తనని చూసి మొహం తిప్పుకుంటాడనీ, ఇంకొకడు రోజూ కారులో ఇంటి దగ్గర దింపుతాడనీ, కూతురు ఇప్పుడు ఎత్తుకుంటే ఏడవడం మానేసిందనీ చెప్పాడు. నేను సరిగా వినలేదు. ఆ ముసలమ్మ చెయ్యే కళ్ళ ముందు ఉంది.

ఇప్పుడు నా సంగతి. నా కార్డు తీసి చూసుకున్నాను. వృత్తి: వంటవాడు. పదిహేడేళ్ళ కింద మా కఫీల్ దగ్గర ఉన్నది ఆ వీసానే. నాకు గుడ్డు ఉడకబెట్టడం రాదు. గౌహర్ రొట్టెల మాట గుచ్చుకునేది అందుకే. వంటవాడి కార్డుకీ ఫ్యామిలీ వీసా రాదు. ఊరందరి కాగితాలు సరిచేసినవాణ్ణి, నాది సరిచేయమని అడగడానికి సిగ్గుపడో, కాదంటే ఎలా అన్న భయంతోనో పదిహేడేళ్ళు గడిపేశాను.

ఆదివారం వృత్తి మార్పు కాగితం పట్టుకుని కఫీల్ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన అద్దాలు సవరించుకుని, "ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకు?" అన్నాడు. "గౌహర్‌ని పిలిపించుకోవాలి" అన్నాను. కోపం లేకుండా ఒక మాట అనడం నాకే కొత్తగా ఉంది. ఆయన "ముందే అడగొచ్చు కదా" అని సంతకం పెట్టాడు. మూడు వారాల్లో కార్డు మీద టైపిస్టునయ్యాను.

ఇవాళ ఫ్యామిలీ వీసా ఫారం ముందు పెట్టుకున్నాను. భార్య పేరు అన్న గడి దగ్గర చేతులు ఆగాయి. ఆ గడిలో ఎంతమంది భార్యల పేర్లు కొట్టానో లెక్కలేదు. గౌహర్ అని కొట్టడం ఇదే మొదటిసారి.