సమ్మె ఏటి చిట్టిబిళ్ళ

ఆవిడ బస్సు కండక్టరు. డిపోలో అందరూ చిల్లరమ్మ అనేవారు. చిల్లర లేదని మిగతా కండక్టర్లు ప్రయాణికులతో నోరు పారేసుకునే రోజుల్లో కూడా ఆవిడ తోలుసంచి గలగలమంటూనే ఉండేది. నాణేలంటే ఆవిడకి అంత పిచ్చి. అందులోనూ అన్నిటికన్నా చిన్నదైన చిట్టిబిళ్ళంటే ప్రాణం. చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దది, ఊదితే ఎగిరిపోతుందేమో అన్నంత తేలిక.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ బిళ్ళకి మర్యాద ఉండేది. ఒక బిళ్ళకి ఒక పిప్పరమెంటు, మూడింటికి ఒక స్టేజీ టిక్కెట్టు. అప్పటికి ఆవిడకి పెళ్లయి ఏడాది. చేరిన మూడో నెలలో ఒక పొద్దున, కాలు పెట్టడానికి చోటులేని బస్సులో, తళతళలాడే చిట్టిబిళ్ళ ఒకటి చేతికొచ్చింది. దాని మీద సంవత్సరం చూసి, “అరె, మా పెళ్లి ఏడు!” అని నవ్వుకుంది. ఇంతలో వెనక నుంచి ఓ పెద్దాయన, “ఏమ్మా, నా చిల్లర ఇస్తావా, ఇంటికొచ్చి తీసుకోమంటావా?” అని గదమాయించేసరికి గాభరాపడి ఆ బిళ్ళే ఆయన చేతిలో పెట్టేసింది.

ఇంటికెళ్లి తన బిళ్ళలన్నీ ఏడాదివారీగా పేర్చుకుంటే అప్పుడు తెలిసింది. అన్నేళ్లవీ ఉన్నాయి, పెళ్లి ఏటిది తప్ప.

పోతే పోయింది, మళ్లీ దొరక్కపోతుందా అనుకుంది. దొరకలేదు. ఆరు నెలలు చూసి, ఊళ్లో నాణేల సంఘం ఉందని తెలిసి, ఓ ఆదివారం గ్రంథాలయం మేడమీదికి వెళ్లింది. సంఘానికి అధ్యక్షుడు ఒక చరిత్ర మాస్టారు. ఆవిడ చెప్పింది విని ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ఆ ఏడు టంకశాలలో సమ్మె జరిగిందమ్మా. చిట్టిబిళ్ళ ఒక్కటంటే ఒక్కటి కొట్టలేదు. పుస్తకంలో రాసే ఉంది.”

“పుస్తకం ఎవరు రాశారండీ?”

“నేనే.”

“కానీ నేను చూశానండీ. ఈ చేత్తోనే ఇచ్చేశాను.”

“పెళ్లి ఏడన్నారు కదా! కొత్త పెళ్లికూతురికి గోడ మీద చూసినా అదే సంవత్సరం కనబడుతుంది” అన్నాడు మాస్టారు. మేడంతా గొల్లున నవ్వింది. ఆవిడా నవ్వింది గానీ, ఆ మాట ముల్లులా లోపల దిగబడిపోయింది. అయినా సంఘంలో చేరింది. ఆదివారం మానేది కాదు. మాస్టారు ప్రతిసారీ, “ఏమ్మా, దొరికిందా?” అని అడిగేవాడు. “ఇంకా లేదండీ” అనేది. అలా ముప్పై ఏళ్లు గడిచాయి.

ఈలోగా చిట్టిబిళ్ళ పరువు గంగలో కలిసింది. ముందు పిప్పరమెంటు రెండు బిళ్ళలయింది, తర్వాత నాలుగు. బరువు చూసే యంత్రాలకి ఆ బిళ్ళ పట్టే కంతని మూసేశారు. చిల్లరగా ఇస్తే జనం “మీరే ఉంచుకోండి” అని ముఖం తిప్పుకునేవారు. ఒకసారి ఒక సూటూబూటాయన ఆవిడ ఇచ్చిన బిళ్ళని కిటికీలోంచి బయటికి విసిరేశాడు. ఆవిడ ఠక్కున ఈల ఊది బస్సాపించి, దిగి, దుమ్ములో వెతికి దాన్ని తెచ్చుకుంది. డ్రైవరు నెత్తి బాదుకున్నాడు. “అమ్మా తల్లీ, దానికోసం కాలిన డీజిలుకి అలాంటివి వంద వస్తాయి!” ఆవిడ పట్టించుకోలేదు. బిళ్ళని తుడిచి సంవత్సరం చూసి సంచిలో వేసుకుని, “రైట్!” అంది.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేసేవాడు. ఒక పొద్దున దుకాణం తెరవబోతూ పేపరు చదివి కేకేశాడు.

“ఏమోయ్, నా సవతి పోతోందట! ఈ నెలాఖరు తర్వాత చిట్టిబిళ్ళ చెల్లదు. ఉన్నవన్నీ బ్యాంకులో ఇచ్చేయాలట.”

నవ్వించాలని అన్నాడు గానీ, ఆవిడ ముఖం చూసి పేపరు మడిచేశాడు. ఆవిడకి అయినవాళ్లెవరో దూరమైనట్టే అనిపించింది. బిళ్ళలన్నీ బ్యాంకుకి చేరి, అక్కణ్ణుంచి కొలిమికి పోతే ఇక వెతకడానికి ఏముంటుంది? రెండు రోజులు సెలవు పెట్టి బ్యాంకులో కూర్చుంది. జనం డబ్బాలతో, మేజోళ్లతో, పాత గ్లాసులతో బిళ్ళలు తెచ్చి కుమ్మరిస్తుంటే, క్యాషియరుని బతిమాలి ఒక్కొక్కటీ తిప్పి చూసింది. కళ్లు కాయలు కాశాయి తప్ప ఫలితం లేదు.

మూడో రోజు మళ్లీ డ్యూటీకెక్కింది. మార్కెట్టు స్టాపులో ఒక ముసలి టైలరు బిస్కెట్ల డబ్బాతో ఎక్కాడు. ఎన్నో ఏళ్లుగా ఆ బస్సులోనే తిరిగే మనిషి. డబ్బా గలగలమంది.

“బ్యాంకుకేనా బాబాయ్?”

“అవునమ్మాయ్. పరదాలకి కుట్టగా మిగిలినవి.”

“పరదాలకా? బిళ్ళలు పరదాలకి ఎందుకు?”

“బరువుకి. పరదా గాలికి లేవకుండా కింది మడతలో సీసం గుండ్లు పెడతారు. సీసం కన్నా ఇవే చవకని మా కాలంలో వీటినే కుట్టేసేవాళ్లం. ఆ సినిమాహాల్లో బొమ్మకి ముందు లేచే మఖమలు తెర ఉందే, దానికైతే బ్యాంకు నుంచి ఏకంగా కొత్త మూటే తెచ్చాను. మూతికి సీలు కూడా ఊడలేదు.”

ఆవిడ చేతిలో టిక్కెట్ల పుస్తకం అలాగే ఉండిపోయింది. ఆ హాలు తెరిచినప్పుడు ఆవిడకి గుర్తే. పెళ్లయిన కొత్తలో భర్తతో మొదటి సినిమా చూసింది అక్కడే. అంటే సమ్మె ఏడు. ఆ ఏడు బ్యాంకు నుంచి కొత్త మూట! చేతులు మారి అరిగిపోయే బిళ్ళల్లో ముప్పై ఏళ్లుగా వెతుకుతోంది తను. చేతులే మారని బిళ్ళలు తన రూటులోనే వేలాడుతున్నాయి.

“బాబాయ్, ఆ తెర ఇంకా అదేనా?”

“అదే. దుమ్ము తప్ప కొత్తగా ఏమీ చేరలేదు దానికి.”

మర్నాడు పొద్దున్నే ఆవిడ, భర్త, టైలరు బాబాయి హాలు మేనేజరు ముందు నిలబడ్డారు. మేనేజరు ముక్కున వేలేసుకున్నాడు. “తెర కింది కుట్లు విప్పుతారా? మాట్నీకి నా తెర ఏం కావాలి?”

“కుట్టిన చేత్తోనే విప్పుతాను, మళ్లీ కుడతాను. నా కుట్టు సంగతి నాకు తెలీదా?” అన్నాడు బాబాయి ఉక్రోషంగా. బిళ్ళల బదులు బరువుకి మూడొందల ఇనప వాషర్లు ఆవిడ ముందే కొనుక్కొచ్చింది. వాటిని చూశాక మేనేజరు మెత్తబడ్డాడు.

ముగ్గురూ వేదిక మీద నేలన కూర్చున్నారు. ముదురెరుపు మఖమలు మడతలోంచి బాబాయి ఒక్కో కుట్టూ తెంపుతుంటే బిళ్ళలు ఒక్కొక్కటీ ఆవిడ ఒళ్లో పడుతున్నాయి. కొత్తవి, గీత పడనివి. కానీ అన్నిటి మీదా పెళ్లికి ముందు ఏడే. యాభై చూసింది, వంద చూసింది. రెండొందలు దాటేసరికి ఆవిడ లెక్కపెట్టడం మానేసింది. దుమ్ముకి తుమ్మి తుమ్మి భర్త ముక్కు ఎర్రబడింది.

“ఇంకో రెండు బారలే అమ్మాయ్” అన్నాడు బాబాయి నెమ్మదిగా.

ఆ రెండు బారల్లో మొదటి మూరలోనే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. బిళ్ళని వెలుగులోకి తిప్పింది. మళ్లీ తిప్పింది. భర్త చేతిలో పెట్టింది. ఆయన గడియారాల భూతద్దం కంటికి బిగించుకుని చూశాడు.

“ఏమోయ్...” అన్నాడు. “మన పెళ్లి ఏడే!”

ఆవిడ పెట్టిన కేకకి మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ఆ చివర ఇంకా నాలుగు దొరికాయి. మొత్తం ఐదు. మాట్నీకి గంట ముందే బాబాయి వాషర్లతో తెర కుట్టేశాడు. మిగతా బిళ్ళల్ని మేనేజరు బ్యాంకులో ఇస్తే వచ్చిన డబ్బు నలుగురి టీలకి చాల్లేదు. తక్కువ పడింది ఆవిడే వేసుకుంది.

ఆదివారం గ్రంథాలయం మేడమీద మాస్టారు అలవాటుగా అడిగాడు. “ఏమ్మా, దొరికిందా?”

“దొరికిందండీ.”

నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు. మాస్టారు బిళ్ళని తూచాడు, కొలిచాడు. ఎవరైనా అంకె దిద్దారేమోనని భూతద్దంలో అంచు చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. చివరికి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. బీరువాలోంచి తన పుస్తకం తెచ్చి, ‘ఆ సంవత్సరం ముద్రించలేదు’ అన్న వాక్యం మీద కలంతో అడ్డంగా గీత కొట్టాడు.

“ముప్పై ఏళ్లు మిమ్మల్ని నవ్వులపాలు చేశానమ్మా. మీ కళ్లు సరిగానే చూశాయి. తప్పు నాది.”

ఆవిడ ఇంకో బిళ్ళ తీసి ఆయన ముందు పెట్టింది. “ఇది మీకు.”

“నాకా? నమ్మనివాడికా?”

“మీరు నమ్మేసి ఉంటే నేను ఎప్పుడో వెతకడం మానేసేదాన్ని కదండీ!”

మేడ దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. మాస్టారు వదల్లేదు, టంకశాలకి ఉత్తరం రాశాడు. సమ్మె మొదలయ్యేలోపు, ఆ ఏడు మొదటి పదకొండు రోజులు యంత్రం నడిచిందని జవాబొచ్చింది. పుస్తకం కొత్త ముద్రణలో, చిట్టిబిళ్ళ ఉన్న పేజీలో, ‘తొలుత గుర్తించినవారు’ అంటూ ఆవిడ పేరు, పక్కనే ‘బస్సు కండక్టరు’ అని అచ్చయింది.

ఆ చలికాలం సంఘం ప్రదర్శన పెట్టింది. గాజుపెట్టె ముందు ఆవిడ యూనిఫాం వేసుకునే నిలబడింది, ఎందుకంటే మధ్యాహ్నం డ్యూటీ ఉంది. డిపో మొత్తం దిగింది. డీజిలు లెక్క చెప్పిన డ్రైవరైతే వచ్చినవాళ్లందరికీ, “మా బండి కండక్టరే!” అని చెప్పుకుంటున్నాడు. జనం పెట్టె మీదికి ఎగబడి తోసుకుంటుంటే ఆవిడ ఇక ఉండబట్టలేకపోయింది.

“జరగండి, జరగండి! లోపల బోలెడు ఖాళీ ఉంది! చూసినవాళ్లు వెనక గుమ్మంలోంచి దిగండి!”

అందరూ నవ్వుతూ, బుద్ధిగా, వరసలో లోపలికి జరిగారు.