ఎవరి పోలికా రాకూడని బొమ్మలు

తెనాలిలో మాది బొమ్మల షెడ్డు. ఆడుకునే బొమ్మలు కావు. నాలుగు రోడ్ల కూడలిలో చెయ్యెత్తి నిలబడి, కింద ఆగిపోయిన బస్సుల్ని పట్టించుకోకుండా ఎటో చూస్తుండే పెద్దమనుషులు. నాన్న చేసేవాడు, ఆయన పోయాక నేను చేస్తున్నాను. ఇన్నేళ్ళయినా కొత్తగా వచ్చినవాళ్ళు మోచేతుల దాకా మట్టితో ఉన్న నన్ను చూసి, "సార్ లేరామ్మా?" అనే అడుగుతారు. ఉన్నారండి, గోడమీద దండలో ఉన్నారు, అంటాను. అప్పటికీ "ఎప్పుడొస్తారు?" అన్నవాళ్ళున్నారు.

మా షెడ్డుకి ఒకటే నియమం, అదీ నాన్న పెట్టిందే. ముందు బంకమట్టితో మనిషిని చేస్తాం. ఆ మనిషిని ఎరిగినవాళ్ళు వచ్చి పోలిక చూస్తారు. "అచ్చం ఆయనే" అని వాళ్ళలో ఒక్కరైనా నోరు తెరిచి అనాలి. అన్నాకే ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తాం. పోలిక చూసే రోజు మా షెడ్డులో పండగే. పోయినాయన ముక్కు గురించి ముగ్గురు కొడుకులు మూడు రకాలుగా చెప్తారు. బతికున్నప్పుడు ఆయన ముఖంలోకి ఎవరూ సరిగ్గా చూసినట్టుండరు. మీసం దగ్గర మాటా మాటా పెరుగుతుంది. చివరికి మూల కుర్చీలో కూర్చున్న ఆయన భార్య లేచి వచ్చి, "ఇంత శాంతంగా ఎప్పుడు చూశాడే నన్ను" అని కళ్ళు తుడుచుకుని, "ఆయనేలేమ్మా, పోసెయ్" అంటుంది.

రెండేళ్ళ కిందట బాపట్ల నుంచి ఫోనొచ్చింది. అక్కడ ఆడపిల్లల హోమ్ ఒకటుంది. అమ్మానాన్నా లేనివాళ్ళు, ఉన్నా లేనట్టే అయినవాళ్ళు, చిన్నతనంలో పెళ్ళి చేస్తుంటే అధికారులు ఆపి తీసుకొచ్చినవాళ్ళు, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా అందులో ఉంటారు. దాని ముంగిట్లో ఒక కళాఖండం పెట్టాలని కమిటీ తీర్మానించిందట. కళాఖండం అనే మాట ఫోన్లో విని నేను కొంచెం ఉబ్బిపోయాను. నన్ను ఇంతవరకూ ఎవరూ అది అడగలేదు. విగ్రహం ఎప్పటికి ఇస్తావు, అనే అడిగారు.

కమిటీ అంటే ముగ్గురు. హోమ్ సూపరింటెండెంట్ గారు, నిదానమైన ఆవిడ, మాట్లాడే ముందు ఫైలు ముట్టుకుంటారు. జిల్లా ఆఫీసు నుంచి ఒక అధికారి, ఆయన ఫోన్ ముట్టుకుంటారు. మూడో ఆయన రేపల్లె దాత. నగరం మండలంలో రొయ్యల చెరువులున్నాయి, హోమ్‌కి ఫ్యాన్లు, నీళ్ళ ఫిల్టరు, బీరువాలు ఇచ్చారు. ఇచ్చిన ప్రతిదాని మీదా ఆయన పేరుంది. ఫ్యాను తిరుగుతున్నప్పుడు చదవలేం గానీ, కరెంటు పోతే రెక్క మీద స్పష్టంగా కనిపిస్తుంది.

"నలుగురు ఆడపిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని గుండ్రంగా నిలబడాలి చెల్లెమ్మా," అన్నారు దాత. "చూడగానే జనానికి గుండె కరగాలి."

"ఒక్క విషయం మేడం," అన్నారు సూపరింటెండెంట్ గారు ఫైలు ముట్టుకుని. "మా పిల్లల పోలిక మాత్రం రాకూడదండి. వీళ్ళెవరో బయటికి తెలియకూడదని చట్టం."

చట్టం మంచిదే. ఆ పిల్లల్లో కొందరిని వెతుక్కుంటూ తిరిగేవాళ్ళున్నారు, వాళ్ళకి చిరునామా ఇవ్వడానికి నాకేం సరదా లేదు. కానీ మేం కూర్చున్న హోమ్ ఆఫీసు గది గోడలు చూసేసరికి నాకు మండింది. నిండా ఫోటోలు. దాత కేకు కోస్తున్నారు, అధికారి దుప్పటి ఇస్తున్నారు, ఇంకెవరో అరటిపళ్ళ గెల పట్టుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. ఎదురుగా పిల్లలు. అందరూ వెనకనుంచే. రిబ్బను కట్టిన జడలు, రెండు జడలు, కత్తిరించిన జుట్టు. అక్కడక్కడ ఎవరైనా పొరపాటున తిరిగితే ముఖం మీద తెల్లటి గుండ్రం. చట్టం పిల్లల్ని దాచమంది గానీ దుప్పటి ఇచ్చేవాళ్ళని దాచమనలేదు కదా.

కమిటీ తీర్మానం కాగితంలో "పిల్లల అభిప్రాయం" అని ఒక గడి ఉంది. అది నింపడానికి నలుగురు పిల్లల్ని పిలిచారు.

"బొమ్మ పెడితే ఎలా ఉంటుందమ్మా?" అన్నారు అధికారి.

"బాగుంటుంది సార్," అన్నారు ముగ్గురు ఒక్క గొంతుతో.

నాలుగో అమ్మాయి అందరిలోకీ పెద్దది, పదిహేడు నిండింది. "మా ముఖాలు పెడతారాండీ?" అంది.

సూపరింటెండెంట్ గారు మెల్లగా, మర్యాదగానే చట్టం చెప్పారు. ఆ పిల్ల తలూపింది. వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర నన్ను చూసి, "అయిదేళ్ళనుంచీ ఇక్కడున్నానండి ఆంటీ. నేనున్న ఫోటోలన్నిట్లో నా జడే ఉందండి. ఇంకో ఆర్నెల్లలో వెళ్ళిపోతాను. ఈ వయసులో ఎలా ఉన్నానో తర్వాత చూసుకుందామన్నా ఏం లేదు," అంది.

"ఆధార్ కార్డుంది కదమ్మా," అన్నాను ఏదో అనాలి కాబట్టి.

"ఉందండి. అది నేనంటే మా మేడమే నమ్మరు."

అలా మొదలైంది. జన్మంతా పోలిక తేవడానికి చచ్చినదాన్ని, పోలిక రాకుండా ఉండటానికి కూర్చున్నాను. ఇది ఎంత కష్టమో చేస్తేగానీ తెలియదు. మట్టికి రెండు కళ్ళూ ఒక ముక్కూ పెడితే చాలు, అది ఎవరో ఒకరైపోతుంది. కమిటీ తెనాలి వచ్చి చూసిన మొదటిసారి, మొదటి బొమ్మ అధికారిగారి మేనకోడలిలా ఉందన్నారు. రెండోది తెనాలి స్టేషన్లో టికెట్లిచ్చే అమ్మాయిలా ఉందట. మూడోది ఎవరో తెలియదు గానీ ఎక్కడో చూశామన్నారు. అన్నీ కొట్టించాం. మా షెడ్డులో నాన్న కాలం నుంచీ ఉన్న పనివాడు, అమృతలూరు బాబాయ్, సుత్తి ఎప్పుడూ చేతిలోనే పెట్టుకు తిరిగేవాడు. ఎవరి నోటినుంచి "అచ్చం" అనే మాట వచ్చినా, వాళ్ళు కారెక్కేలోపు ఆ తల తిరిగి మట్టిగుంటలో ఉండేది. నెల తిరిగేసరికి నలుగురు పిల్లలూ ఉడికించిన బంగాళాదుంపల్లా తయారయ్యారు. కమిటీకి ఎంతో నచ్చారు.

అప్పుడు దాతగారికి ఇంకో ఆలోచన వచ్చింది. గుండ్రం మధ్యలో ఖాళీగా ఉందట. "తల్లి లేని పిల్లలు కదా. మధ్యలో ఒక తల్లి ఉంటే బాగుంటుంది," అని జేబులోంచి వాళ్ళమ్మగారి ఫోటో తీశారు. ఆవిడ పోలిక మాత్రం వెంట్రుకవాసి తప్పకూడదన్నారు. చట్టంలో దాతల తల్లుల గురించి ఏమీ లేదని అధికారి నిర్ధారించారు. సూపరింటెండెంట్ గారు ఫైలు ముట్టుకుని ఊరుకున్నారు.

ఆవిడ ఊరుకోవడం చూసి నాకు ధైర్యం వచ్చింది. ఒకరోజు బాపట్ల వెళ్ళి విడిగా అడిగాను. ఆ పెద్ద పిల్ల తల ఒకటి మట్టితో చేస్తాను, ఎక్కడా పెట్టను, ఫోటో తీయను, పద్దెనిమిది నిండిన రోజున ఆ అమ్మాయి చేతికే ఇస్తాను. ఆవిడ ఫైలు ముట్టుకున్నారు. "మీ షెడ్డు, నా గది తప్ప ఇంకెక్కడికీ పోకూడదండి. నా గదిలో, తలుపు తీసి ఉంచి, నేనుండగా చెయ్యండి. ఇవన్నీ రాసివ్వండి," అన్నారు. రాసిచ్చాను. ఒక అధికారి రాసివ్వమని అడిగింది మంచిపని కోసమేనని నేను నమ్మిన ఒకేఒక సందర్భం అది.

మూడు ఆదివారాలు మట్టి తల ఒళ్ళో పెట్టుకుని బాపట్ల ప్యాసింజర్ ఎక్కాను. ఆ పిల్ల కదలకుండా కూర్చునేది. గడ్డం కింద చిన్న గాటు ఉంది, అదెలా వచ్చిందో నేనడగలేదు, తను చెప్పలేదు, మట్టిలో మాత్రం పెట్టాను. మట్టి తలని తనవైపు తిప్పి చూపిస్తానంటే వద్దంది. "పూర్తయ్యాక ఒకేసారి చూస్తానండి. సగం సగం చూస్తే సరదా పోద్ది." కళ్ళ దగ్గర కొంచెం పని మిగిలింది. మట్టి ఎండకుండా తడిగుడ్డ చుట్టి షెడ్డులో వెనక బల్లమీద పెట్టాను.

ప్రారంభోత్సవం తేదీ ముందుకు జరిగింది. ముఖ్య అతిథికి ఆ రోజే వీలట. రేపల్లె అమ్మగారి తల ఇంకా సగంలో ఉంది. ఆ వారంలోనే సూపరింటెండెంట్ గారు ఆఖరిసారి చూడ్డానికి షెడ్డుకి వచ్చారు. బంగాళాదుంపల్ని చూసి సరేనన్నారు. వెనక బల్ల దగ్గరికి వెళ్ళి తడిగుడ్డ ఎత్తారు.

"అమ్మో," అన్నారు. "అచ్చం ఆ పిల్లేనండి."

నాకు ఆ క్షణంలో కలిగినంత గర్వం ఏ కూడలిలోనూ కలగలేదు. గర్వంలో ఉన్న మనిషికి బుద్ధి ఉండదు. గుడ్డ కప్పి, ఆవిడతోపాటే కారెక్కి, అమ్మగారి గాజుల నమూనా తెచ్చుకోవడానికి రేపల్లె వెళ్ళిపోయాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి అమ్మగారి తల పూర్తిగా నిలబడి ఉంది. బాబాయ్ చేతులు కడుక్కుంటున్నాడు. వెనక బల్ల ఖాళీ.

"బాబాయ్, ఆ తలేదీ?"

"కొట్టేశానమ్మాయ్. పోలిక వచ్చేసిందని ఆ మేడంగారే అన్నారుగా. వింటూనే ఉన్నాను," అన్నాడు. పని సగంలో వదిలే మనిషి కాదని చూపించుకునే గొంతు. "గుంటలో మట్టి కూడా చాల్లేదు. అది పెద్దమ్మగారి బుగ్గలకి సరిపోయింది."

ఏళ్ళ తరబడి "అచ్చం" అంటే మా షెడ్డులో అయింది అని అర్థం. ఒక్క నెల నేనే దాన్ని తలకిందులు చేశాను, ఈ ఒక్క తలకి పాత అర్థమేనని ఆయనకి చెప్పడం మర్చిపోయాను. అయినా బాబాయ్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. తండ్రి వయసు మనిషి, తడి చేతులు పక్కన పెట్టుకుని నిలబడ్డాడు. ఆ తిట్లన్నీ నాకు పడాల్సినవే. ఆయన మీద పోశాను.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పరదా లాగారు. చప్పట్లు కొట్టారు. మధ్యలో రేపల్లె అమ్మగారు బంగారు రంగులో, బుగ్గలు నిండుగా, మెరిసిపోతున్నారు. చుట్టూ నలుగురు ఎవరూ కాని పిల్లలు. వాళ్ళ ముందు అసలు పిల్లలు కెమెరాకి వీపు పెట్టి వరసగా నిలబడ్డారు. "వెనక్కి తిరగొద్దమ్మా, తిరగొద్దు," అని ఫోటోగ్రాఫర్ బతిమాలుతున్నాడు. దాతగారు బుగ్గలవైపు చూసి, "ప్రాణం పోశావు చెల్లెమ్మా," అన్నారు. నేను నమస్కారం పెట్టాను.

భోజనాల దగ్గర ఆ అమ్మాయి వచ్చింది. "నాది అయిందాండీ?" అని గుసగుసగా అడిగింది.

"అవుతోందమ్మా," అన్నాను.

నిజం చెప్పి మళ్ళీ మొదలుపెట్టి ఉండాల్సింది. నాలుగు నెలల టైముంది, బాపట్లకి రోజూ రైళ్ళున్నాయి. వెళ్ళలేదు. ఆ పిల్లకి ఏమని చెప్పాలో తెలియక, కూడలి పెద్దమనుషులతో తెగ పని ఉన్నట్టు నటించాను. ఇది నేను గొప్పగా చెప్పుకునే విషయం కాదు.

పద్దెనిమిది నిండిన మర్నాడే వచ్చింది. చేతిలో సంచి, అందులో సర్టిఫికెట్లు. విజయవాడలో నర్సు ట్రైనింగులో సీటొచ్చిందట, సాయంత్రం రైలు. బాపట్లలో పొద్దున్నే ఎక్కి తెనాలిలో దిగింది, ఇందుకోసమే. నాలుగు నెలల్లో బుగ్గలు లాగేశాయి, కళ్ళకింద కొంచెం నలుపు. పదిహేడేళ్ళ ఆ ముఖం ఇక ఎక్కడా లేదని అప్పుడు అర్థమైంది. మట్టిలోనూ లేదు, ఆ పిల్ల మీదా లేదు. నాకు ఏడుపొచ్చింది. అలాగే చెప్పేశాను, అంతా, బాబాయ్ మీద నెట్టకుండా.

ఆమె వింది. వెనక బల్లవైపు చూసింది. "అయితే పెద్దమ్మగారి బుగ్గలు నా మట్టితోనే చేశారాండీ?" అంది.

"అవునమ్మా."

"రోజూ తుడిచానండి ఆవిడ్ని. పిట్టల రెట్టలు పడితే," అని నవ్వబోయి ఆపేసింది. కళ్ళు నిండాయి. చున్నీతో తుడుచుకుంది. సంచి కింద పెట్టింది.

"రైలు ఆరింటికండి. ఇప్పుడు చేస్తే అవుద్దా? ఇప్పుడెవర్నీ అడగక్కర్లేదుగా."

బాబాయ్ అప్పటికే మట్టి తొక్కుతున్నాడు. నేను స్టూలు లాగి వెలుతురులో వేశాను. ఆమె కూర్చుంది. అలవాటు కొద్దీ ముందు నాకు వీపు పెట్టే కూర్చుంది, గుర్తొచ్చి ఇటు తిరిగింది. జుట్టు చెవుల వెనక్కి తోసుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆంటీ, ఎదురుగా కూర్చున్నప్పుడు నవ్వాలాండీ, మామూలుగా ఉండాలా?"

"నీ ఇష్టమమ్మా," అన్నాను.

ఆ పిల్ల ఆలోచనలో పడింది. తేల్చుకునేదాకా నేను మట్టి ముట్టుకోలేదు.